తీగె కొనే ముందు శ్రుతి చెప్పండి
(మీ ప్రశ్నలకు మాండలిన్ మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. వర్ణాల దాకా గాత్రం నేర్చుకుంది, ఇప్పుడు మాండలిన్ వాయిస్తానంటోంది. మా నాన్నగారు నాటకాలకు వాయించిన ఎనిమిది తీగెల మాండలిన్ ఇంట్లో ఉంది. వెనక బల్లపరుపుగా ఉంటుంది. తీగెలన్నీ తుప్పు పట్టాయి. కొత్తవి కొందామంటే లైటు, మీడియం, ఫాస్ఫర్ బ్రాంజ్, నికెల్ అని ఎన్నో రకాలు కనిపిస్తున్నాయి. పిల్లేమో మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీల్లో స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారడం విని "ఆ జారు నాకెందుకు పలకడం లేదు" అని అడుగుతోంది. లోపం తీగెలదా, చేతిదా? ఏ సెట్టు కొనమంటారు?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, పాప ఏ శ్రుతికి పాడుతుందో మీరు రాయలేదు. నేను మొట్టమొదట అడిగేది అదే. ఆ ఈడు ఆడపిల్లలు చాలామంది అయిదు శ్రుతికి పాడతారు కాబట్టి అదే అనుకుని చెబుతున్నాను.

పాకెట్ మీద ఉండే 10, 11 అన్న అంకెలు తీగె మందాన్ని చెబుతాయి. అంగుళంలో వెయ్యో వంతు చొప్పున లెక్క. 11 అంటే 0.28 మిల్లీమీటరు. సన్నతీగె 10తో మొదలైతే లైటు సెట్టు, 11తో మొదలైతే మీడియం. ఈ రెంటికీ తేడా వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అయినా అదే స్వరానికి 10 తీసేసి 11 కడితే బిగువు 21 శాతం పెరుగుతుంది. వేలికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

అయితే ఈ సెట్లన్నీ పాశ్చాత్య పద్ధతికి తయారైనవి. ఎనిమిది తీగెలంటే నాలుగు జతలు, జతలో రెండూ ఒకే స్వరానికి. లావు తీగె నుంచి సన్నతీగె దాకా జి, డి, ఎ, ఇ అని కడతారని లెక్క వేసి చేశారు. మనం అలా కట్టం కదా. మనకు స, ప, పై స, పై ప కావాలి. అయిదు శ్రుతి అంటే జి, కాబట్టి మీ పాప వాద్యం జి, డి, జి, డి అవుతుంది. లావు తీగెలు రెండూ ఉన్నచోటే ఉంటాయి. సన్నవి రెండూ ఒక్కో స్వరం దిగుతాయి, దిగినప్పుడు వాటి బిగువులో అయిదో వంతు పోతుంది. లైటు సెట్టు కట్టి ఇలా దించితే సన్నతీగె వదులైపోయి, కాస్త గట్టిగా నొక్కగానే స్వరం పైకి జరుగుతుంది, మెట్లకు (మెడ మీది లోహపు అడ్డపట్టీలకు) తగిలి జరజరమంటుంది. పిల్లలేమో తమకే శ్రుతి కుదరడం లేదని బెంగపడతారు. నా దగ్గరకు అలా కళ్లనీళ్లతో వచ్చిన పిల్లలున్నారు. తీగె మార్చాక వాళ్ల చెయ్యే చక్కగా పలికింది.

అందుకని మీకు చెప్పేది, సన్నతీగెలు రెండూ మీడియంలోవి (11, 15), లావు తీగెలు రెండూ లైటులోవి (24, 38). 11ను డికి దించితే, 10ను ఇకి కట్టినప్పుడు ఉండే బిగువుకు దగ్గరగా వస్తుంది, ఎనిమిది కిలోల పైచిలుకు లాగుడు. పన్నెండేళ్ల చేతికి అది చాలు. మాండలిన్ సెట్లు మీ ఊళ్లో దొరక్కపోతే దిగులు పడకండి. అకూస్టిక్ గిటార్ 'కస్టమ్ లైట్' సెట్టులో మొదటి రెండు తీగెలూ సరిగ్గా 11, 15. మన మాండలిన్‌కు తీగె చివర ఉచ్చులా ఉండాలి, గిటార్ తీగెకు ఇత్తడి పూస ఉంటుంది. ఆ పూసను గుడ్డలో చుట్టి పటకారుతో నొక్కి పగలగొడితే ఉచ్చు మిగులుతుంది. ముక్క కంట్లో పడే ప్రమాదం ఉంది, ఆ పని పెద్దవాళ్లే చెయ్యండి.

ఇక జారు సంగతి. లోపం పిల్లదీ కాదు, తీగెదీ కాదు, జతది. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికీ జార్చడానికీ, తీగెను పక్కకు లాగినప్పుడు జతలోని రెండూ ఒకే కొలతన సాగవు, ఒకటి ముందు, ఒకటి వెనక. స్వరం రెండుగా చీలుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మన ఉప్పలపు శ్రీనివాస్ ఆ జతలు వదిలేసి ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగెలు పెట్టుకున్నారు. 2014లో వెళ్లిపోయేదాకా అదే ఆయన వాద్యం. ఎలక్ట్రిక్‌లో శబ్దం ఎక్కువసేపు నిలుస్తుంది, గమకం నడవడానికి ఆ నిలకడ కావాలి. మీ తాతల నాటి వాద్యంలో అంత నిలకడ రాదని పాపకు ముందే చెప్పండి. కానీ జతలో ఒక్కో తీగె తీసేస్తే జారు తప్పకుండా పలుకుతుంది. ప్రతి జతలోనూ ఒకే వైపు తీగెను ఉంచండి, లేకపోతే ఎడం కుదరదు. తీగెలు సగమయ్యాయి కాబట్టి బ్రిడ్జి (తీగెలను మోసే చిన్న చెక్క) మీద, పై చెక్క మీద బరువు కూడా ఇంచుమించు సగానికి తగ్గుతుంది, 11 కట్టడానికి భయపడక్కర్లేదు.

పాత తీగెలన్నీ ఒకేసారి విప్పకండి. చాలా మాండలిన్లలో బ్రిడ్జిని అతికించరు, తీగెల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. ఒకటి విప్పి ఒకటి కట్టండి. అంతా అయ్యాక 12వ మెట్టు మీద తీగెను నొక్కకుండా వేలు ఆనించి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలికితే బ్రిడ్జి సరైన చోట ఉన్నట్టు.

లోహం గురించి అడిగారు. మామూలు మాండలిన్‌కు లావు తీగెలు ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) చుట్టినవి తీసుకోండి. రేపు ఎలక్ట్రిక్ కొంటే మాత్రం నికెల్ చుట్టినవే. తీగె కదలికను అందుకునే అయస్కాంతం పికప్‌కు కంచు వినపడదు, లోపలి ఉక్కు ఒక్కటే వినపడుతుంది, దాంతో లావు తీగెలు నీరసంగా పలుకుతాయి.

మీది బల్లపరుపు వాద్యమని రాశారు, నా ప్రాణం కుదుటపడింది. వెనక గుండులా ఉండే పాత రకానికి ఈ లెక్కలేవీ పనికిరావు. మా గురువుగారు నాకిచ్చిన గుండు మాండలిన్‌కు, లావు తీగె అయితే నాదం పెరుగుతుందని దుకాణంలో చెబితే నమ్మి, మీడియం సెట్టు ఎనిమిది తీగెలూ కట్టాను. మూడు నెలల్లో బ్రిడ్జి కింద చెక్క కుంగింది. మరమ్మతు చేయించాను కానీ ఆ నాదం మళ్లీ రాలేదు. అది ఇప్పటికీ మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. ఎవరింట్లోనైనా గుండు మాండలిన్ ఉంటే 'అల్ట్రా లైట్' అని రాసి ఉన్నదే కట్టండి, 10 కంటే సన్నది.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ స్కూల్లో బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతం) వాయిస్తాడు, ఎనిమిది తీగెల ఎఫ్ స్టైల్ మాండలిన్. వాళ్ల టీచరు 11–40 సెట్టే వెయ్యమంటారు. వేళ్లు పుండ్లు పడుతున్నాయి. సన్నవి వెయ్యొచ్చా?
– ఒక తండ్రి, డాలస్

జవాబు: బాబూ, టీచరు గారి మాట సబబే. ఆ సంగీతంలో మాండలిన్ డోలు పని కూడా చేస్తుంది, తాళం దెబ్బ టక్కున పడి ఆగాలి. దానికి బిగువు కావాలి. మందం తగ్గించే ముందు ఒకటి చూడండి. తీగెను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టి, మొదటి మెట్టుకూ తీగెకూ మధ్య సందు చూడండి. కాగితం పట్టేంత ఉంటే చాలు. అంతకంటే బాగా ఎత్తుగా ఉంటే తీగెల తప్పు కాదు, మెడ పైన తీగెలు కూర్చునే గాట్లు లోతు చాలలేదు. రిపేరు తెలిసినవాళ్లతో ఆ గాట్లు దింపించండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఒక్క ఏడాది 10 సెట్టు వెయ్యండి.

ప్రశ్న: తీగెలు ఎన్నాళ్లకు మార్చాలి?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: నాదీ సముద్రం ఒడ్డు ఊరే నాయనా. ఉప్పుగాలికి సన్నతీగె ముందు పోతుంది, ఎర్రమచ్చ కనపడగానే తీసెయ్. లావు తీగె కంటికి బాగానే ఉంటుంది, దాన్ని గోటితో చూడాలి. మెట్ల మీద ఆనే చోట తీగె అడుగున గోరు పెట్టి జరుపు, నొక్కులు తగిలితే దాని పని అయిపోయినట్టే. వాయించడం అవగానే పొడి నూలుగుడ్డతో తీగె పైనా అడుగునా తుడిచి, పెట్టెలో పెట్టి మూత వెయ్.