చెస్ ప్రోగ్రామ్‌లో ఎత్తులను వరుస పెట్టడానికి ఏ సార్టింగ్ వాడాలి?

రాజాంలో చదువుకుంటున్న విద్యార్థి ఒకరు అడిగారు: సీ ప్లస్ ప్లస్‌లో చెస్ ఇంజన్ రాస్తున్నారట, ఆల్ఫా-బీటాలో (ఫలితాన్ని మార్చలేని దారులను చూడకుండా వదిలేసే సెర్చ్ పద్ధతి) ఎత్తుల వరుసకు క్విక్ సార్ట్ మంచిదా, మెర్జ్ సార్టా అని.

నన్నడిగితే రెండూ వద్దు. విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా నేనూ ఒక ఇంజన్ రాస్తున్నాను. అందులో ఉన్నది సెలక్షన్ సార్ట్, అదీ పూర్తిగా కాదు. ముందు ఎత్తులన్నిటికీ మార్కులు వేస్తాను. సెర్చ్ అడిగిన ప్రతిసారీ మిగిలినవాటిలో ఎక్కువ మార్కులున్న ఒక్కదాన్నే తీసి ఇస్తాను. బీటా కటాఫ్ పడితే, అంటే ప్రత్యర్థి ఈ స్థితిని రానివ్వడని తేలిపోతే, తక్కినవాటిని ముట్టుకోను. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చూసే ఉంటారు, అక్కడ ప్రతి పప్పూ ఏదో ఒక గ్రేడులోకి చేరాల్సిందే. ఇక్కడ ఆ అవసరం లేదు. వరుస బాగుంటే కటాఫ్ ఎక్కువగా మొదటి ఎత్తుకే వచ్చేస్తుంది.

సాధారణంగా ఒక స్థితిలో 35 ఎత్తుల దాకా ఉంటాయి. ఇంత చిన్న జాబితాకు క్విక్ సార్ట్ హంగామా దండగ. జీసీసీ (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) లైబ్రరీలోని సార్ట్ కూడా 16 లోపు అంశాలుంటే ఇన్సర్షన్ సార్ట్‌తోనే (ఒక్కో అంశాన్ని దాని చోట చొప్పించే పద్ధతి) సరిపెట్టుకుంటుంది. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజన్ అయితే మామూలు (కొట్టని) ఎత్తుల్లో ఒక హద్దు దాటిన మార్కులున్నవాటినే ఇన్సర్షన్ సార్ట్‌తో వరుస పెడుతుంది, ఆ హద్దు డెప్త్‌ను (ఇంకా ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలో దాన్ని) బట్టి మారుతుంది.

అసలు లాభం మార్కులు వేయడంలో ఉంది. ఎత్తుకు 35 దారుల లెక్కన డెప్త్ 6కు అన్నీ చూస్తే సుమారు 184 కోట్ల చివరి స్థితులు. వరుస అచ్చంగా కుదిరితే ఆల్ఫా-బీటా చూడాల్సినవి 85,749. ఏ సార్ట్ మార్చినా ఇంత తేడా రాదు. కాబట్టి ముందు హాష్ టేబుల్ (ఇదివరకు చూసిన స్థితుల ఫలితాలు దాచుకునే పట్టిక) ఇచ్చిన ఎత్తు, తర్వాత కొట్టే ఎత్తులు (బంటుతో మంత్రిని కొట్టేది పైన, మంత్రితో బంటును కొట్టేది కింద), ఆపై కిల్లర్ ఎత్తులు (ఇదే లోతులో వేరేచోట కటాఫ్ ఇచ్చినవి), చివరికి హిస్టరీ మార్కులు (ఇంతకుముందు ఎంతగా కటాఫ్ ఇచ్చాయో దాన్ని బట్టి వేసేవి). హాష్ ఎత్తును మిగతావాటిని తయారుచేయకముందే ఆడి చూడండి. అది కటాఫ్ ఇస్తే సార్టింగ్ మాటే ఉండదు.

పరీక్షించేటప్పుడు నోడ్ల (సెర్చ్ చూసిన స్థితుల) సంఖ్యనూ సమయాన్నీ విడివిడిగా రాసుకోండి. ఫిక్స్‌డ్ డెప్త్‌లో, ఒకే థ్రెడ్ మీద, సార్ట్ ఒక్కటే మారిస్తే సమయం మారాలి గానీ నోడ్లు మారకూడదు. మారాయంటే ముందు సమాన మార్కులున్న ఎత్తులను అనుమానించండి. అవి ఒక్కో సార్ట్‌లో ఒక్కో వరుసలో వస్తాయి. మార్కులు సమానమైతే జాబితాలో ఎత్తు నంబరును బట్టి తేల్చేలా పెడితే ఆ టెన్షన్ ఉండదు.

మీ స్నేహితులెవరైనా పైథాన్‌లో రాస్తుంటే మాత్రం ఈ సలహా ఇవ్వకండి. అక్కడ చేత్తో రాసిన సెలక్షన్ లూప్ కన్నా బిల్టిన్ సార్టే వేగం, పైగా అది సమానమైనవాటి వరుస చెదరనివ్వదు.