గువామ్‌లో పుట్టే బిడ్డ అమెరికా పౌరుడేనా?

ప్రశ్న: మా అల్లుడు హెచ్‌-1బీ వీసా మీద పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో పనిచేస్తున్నాడు. మా అమ్మాయికి అయిదో నెల. పురుడు అక్కడే పోసుకోవాలనుకుంటున్నారు. మా వియ్యాలవారేమో “గువామ్ అసలు అమెరికాయే కాదు, బిడ్డకు పౌరసత్వం రాదు” అంటున్నారు. అలాంటి దీవిలోనే పుట్టిన ఒకాయన పాస్‌పోర్టు మీద ‘పౌరుడు కాదు’ అని రాసి ఉందట. నాకు టెన్షన్‌గా ఉంది. నిజమేమిటో చెప్పగలరు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ వియ్యాలవారు విన్నది పూర్తిగా తప్పేమీ కాదు. కాకపోతే రెండు దీవుల సంగతి కలిసిపోయింది. గువామ్‌లో పుట్టినవాళ్లకు 1950లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో పౌరసత్వం వచ్చింది. అక్కడి ఇమిగ్రేషన్, జాతీయత చట్టం ‘యునైటెడ్ స్టేట్స్’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో గువామ్, కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో, వర్జిన్ దీవులు కూడా ఉన్నాయి. పసిఫిక్‌లోనే ఉన్న మరో అమెరికా దీవి, అమెరికన్ సమోవా మాత్రం అందులో లేదు. సమోవాలో పుట్టినవాళ్ల పాస్‌పోర్టులో ‘ఈమె/ఇతడు అమెరికా జాతీయులు, పౌరులు కాదు’ అనే అర్థం వచ్చే వాక్యం అచ్చువేసి ఉంటుంది. అంటే అమెరికా రక్షణ ఉంటుంది కానీ పౌరుల హక్కులన్నీ ఉండవు. మీవాళ్లు చెప్పిన పాస్‌పోర్టు అలాంటిదే అయి ఉంటుంది.

ఒకే జెండా కింద ఇన్ని తేడాలు ఎలా వచ్చాయో కొంచెం చెబుతాను. అది తెలిస్తే మీ మనవడికో మనవరాలికో వచ్చే హక్కు ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది.

1898లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగిన అమెరికా జూన్‌లో గువామ్‌కు ఒక యుద్ధనౌకను పంపింది. నౌక ఫిరంగులు పేల్చింది. యుద్ధం మొదలైందన్న కబురే అందని స్పానిష్ అధికారులు దాన్ని గౌరవ వందనం అనుకున్నారు. పడవలో ఎదురెళ్లి, బదులు వందనం చేయడానికి తమ దగ్గర మందుగుండు లేదని చెప్పుకున్నారు. దీవి అలా చేతులు మారింది. అదే ఏడాది డిసెంబరు 10న పారిస్‌లో జరిగిన ఒప్పందంలో స్పెయిన్ గువామ్‌ను, ప్యూర్టోరికోను, 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్‌ను అప్పగించింది. అక్కడి ప్రజల హక్కులను అమెరికా కాంగ్రెస్ నిర్ణయిస్తుందని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ ప్రజలను ఎవరూ అడగలేదు. లాయరుగా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఒప్పందంలోని ఆ వాక్యమే.

జెండా ఎగిరిన చోటికల్లా రాజ్యాంగం కూడా వెళ్తుందా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. అది కోర్టుకెక్కింది నారింజ పళ్ల మీద. డౌన్స్ అనే వ్యాపారి ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్‌కు నారింజలు తెప్పించాడు. కస్టమ్స్‌వాళ్లు 659 డాలర్ల 35 సెంట్లు సుంకం కట్టించుకున్నారు. ప్యూర్టోరికో అమెరికాలో భాగమే కదా, సొంత దేశంలో సరుకుకు సుంకమేమిటని అతను వాదించాడు. 1901 మేలో సుప్రీంకోర్టు 5–4 తేడాతో అతని వాదన కొట్టేసింది. ఆ దీవి అమెరికాకు చెందినదే కానీ అమెరికాలో భాగం కాదని తేల్చింది. ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ బ్రౌన్ అక్కడివాళ్లను ‘పరాయి జాతులు’గా చూసి తర్కం నడిపాడు. నల్లవాళ్లకు రైళ్లలో వేరే పెట్టెలు పెట్టడం సబబేనని 1896లో తీర్పు రాసింది కూడా ఆయనే. రెండు కేసుల్లోనూ జస్టిస్ హార్లన్ విభేదించాడు. రైలు పెట్టెల సిద్ధాంతం 1954లో కూలింది. నారింజల తీర్పు ఇప్పటికీ రద్దు కాలేదు.

అందుకే ఏ దీవివాళ్లు పౌరులన్నది కాంగ్రెస్ ఎప్పుడు ఏ చట్టం చేసిందన్నదాని మీద నిలబడింది. ప్యూర్టోరికోవాళ్లకు 1917లో, గువామ్‌వాళ్లకు 1950లో ఇచ్చారు. సమోవాకు ఇవ్వలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉంటున్న సమోవా వాళ్లు కొందరు పుట్టుకతోనే తమకు పౌరసత్వం ఉండాలని కోర్టుకెళ్లారు కానీ, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. అమెరికన్ సమోవా ప్రభుత్వమే ఆ కేసును వ్యతిరేకించింది, తమ ఉమ్మడి భూముల పద్ధతికి దెబ్బ తగులుతుందన్న భయంతో. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను.

ఇక మీ బిడ్డ విషయం. గువామ్‌లో పుట్టడం సమస్య కాదు, చూసుకోవలసింది తల్లిదండ్రుల వీసా. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం ఉండదని 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. కోర్టులు దాన్ని నిలిపేశాయి, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీ అల్లుడు హెచ్‌-1బీలో ఉన్నాడు కాబట్టి కాన్పు నాటికి ఆ కేసు ఎక్కడుందో అక్కడి ఇమిగ్రేషన్ లాయరును తప్పకుండా అడగమనండి. దీవి పేరు చెప్పి భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఒకటి మాత్రం తెలిసి ఉండాలి. గువామ్‌లో నివసించినంత కాలం అక్కడి పౌరులకు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. పెద్దయ్యాక ఏదైనా రాష్ట్రంలో స్థిరపడితే ఉంటుంది.

ఇటు మన చట్టం సంగతి. భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే మన దగ్గర ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) దరఖాస్తు చేసుకోవచ్చు. భారత పౌరసత్వమే కావాలనుకుంటే, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇచ్చి, పుట్టిన ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాల్సి వస్తుంది. ఏ దారైనా గువామ్‌లో ఇచ్చే జనన ధ్రువపత్రమే మొదటి కాగితం. అందులో తల్లిదండ్రుల పేర్లు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించమని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయితే తర్వాత సరిచేయించడానికి నెలలు పడుతుంది.