ఐరన్ మాత్ర టీతో మింగితే రక్తం ఎక్కడ పడుతుంది?

హిమోగ్లోబిన్ 9 ఉంది, రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగితే రక్తం పడుతుందా అని అడిగారు. ఏం తినాలో తర్వాత చూద్దాం. ముందు మీరు టీ ఎప్పుడెప్పుడు తాగుతున్నారో చూసుకోండి.

మా అక్క ఒంగోలులో ఉంటుంది, ఇంట్లోనే మిషన్ కుడుతుంది. రెండేళ్ల కిందట మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు తిరగడం మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. నాలుగు నెలలు వాడాక మళ్లీ చూస్తే 8.7. మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదని కోప్పడ్డారట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఒక్క రోజు కూడా మానలేదని నాకు తెలుసు.

తర్వాతి వారం వాళ్లింటికి వెళ్లాను. పొద్దున బావగారూ పిల్లలూ వెళ్లిపోయాక, పదింటికి అక్క గ్లాసుడు టీ పెట్టుకుని మిషన్ దగ్గర కూర్చుంది. మాత్ర నోట్లో వేసుకుని టీతో మింగేసింది.

"అదేంటక్కా, టీతోనా?"

"నీళ్లతో వేసుకుంటే ఆ ఇనప వాసనకి తిప్పుతుందే. టీతో అయితే తెలీదు."

నాలుగు నెలలూ అదే పని! టీలో ఉండే టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని పేగుల నుంచి రక్తంలోకి పోనివ్వవు. పైగా మనది పాల టీ, పాలలోని కాల్షియం కూడా ఐరన్‌కు అడ్డమే. ఈ ఒక్క మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీటీ రాసిచ్చేటప్పుడు "టీతో వేసుకోవద్దమ్మా" అనడానికి ఎంతసేపు పడుతుంది? కోప్పడటానికి మాత్రం టైం ఉంటుంది.

వికారం సంగతి డాక్టరుకు చెప్పి మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చాం, నిమ్మకాయ నీళ్లతో. పులుపులోని సి విటమిన్ ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. టీ మాన్పించలేదు, భోజనానికీ మాత్రకూ గంటకు పైగా దూరం జరిపాం, అంతే. రెండున్నర నెలలకు 11.1 వచ్చింది. మందు అదే, మనిషీ అదే.

ఇక బీట్‌రూట్. దాని ఎరుపు ఐరన్ వల్ల వచ్చింది కాదు, బీటలెయిన్ అనే రంగు పదార్థం వల్ల. 100 గ్రాముల దుంపలో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. రంగు చూసి రక్తం అనుకోవడం ఎప్పుడు మానతామో! తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. మాంసం తినేవాళ్లయితే మేక కార్జం తినండి, అందులోని ఐరన్ ఆకుకూరల్లోదానికంటే బాగా పడుతుంది. కానీ మన ఇళ్లలో ఆ ముక్కలు ముందు ఎవరి కంచంలోకి వెళ్తాయో మీకు తెలుసు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన పులుసు కలుపుకునేది ఆడమనిషే, మధ్యలో ఆకలేస్తే టీతో సరిపెట్టుకునేదీ ఆమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. నన్నడిగితే ఇందులో టీ గ్లాసుకు పెద్ద వాటాయే ఉంది.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నా, మొలలున్నా అది ముందు చూపించుకోండి. ఇంకో మాట. మాత్రలు వాడుతుంటే మలం నల్లగా వస్తుంది. అక్క వీధిలో ఒకావిడ దానికి భయపడి మాత్రలే మానేసింది. ఆ నలుపు మామూలే. తారులా జిగటగా, బాగా కంపు కొడుతూ వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.