పందిరి కొట్టించాక అత్తయ్య నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మామయ్య గారు పోయి రెండేళ్లయింది. బెంగళూరు వదిలేసి అత్తయ్య దగ్గరికే వచ్చేశాం. ఇంటి వెనక 30 సెంట్ల దొడ్డి, నిండా మామయ్య గారు 40 ఏళ్లుగా పెంచిన మామిళ్లు, సపోటా, కొబ్బరి, మునగ. ఎండ పడదు, తొమ్మిదేళ్ల పాపకు, నాలుగేళ్ల బాబుకు ఆడుకునే చోటు లేదు. సగం చెట్లు తీసేసి లాన్, టైల్స్, ఊయల పెట్టిద్దామనుకున్నాం. అత్తయ్య ఒంగోలులో ఆడబిడ్డ దగ్గరికి వెళ్లినప్పుడు సన్నజాజి పందిరి కొట్టించాను, ఇప్పుడు మోడు మాత్రం ఉంది. ఆ పూలే ఆమె రోజూ మామయ్య గారి ఫొటోకు పెట్టేవారు. వచ్చినప్పటి నుంచి నాతో మాట లేదు. మా ఆయనేమో ‘మీరిద్దరూ చూసుకోండి’ అంటారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు పందిరి సంగతి మాట్లాడుకుందాం, దొడ్డి తర్వాత. ఆమె ఊళ్లో లేనప్పుడు కొట్టించడం తప్పు. ఉంటే ఒప్పుకోరని తెలిసే అప్పుడు చేయించారు, ఆ సంగతి ఆమెకూ తెలుసు, తీగ పోయినదానికన్నా అదే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. ఈ రోజే వెళ్లి ‘తప్పయిపోయింది అత్తయ్యా, మిమ్మల్ని అడగాల్సింది’ అనండి, అంతే, ‘పిల్లల కోసమే కదా’ అని దానికి తోక తగిలించొద్దు. ఆమె వెంటనే మాట్లాడకపోయినా మళ్లీ మళ్లీ కదిలించకండి.

మోడు ఉందన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది. మల్లె, జాజి జాతుల్ని ఎలాగూ చలికాలంలో పొట్టిగా కత్తిరిస్తారు, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ పాదు చేసి, ఎండిన పేడ ఎరువు రెండు తట్టలు వేసి, నీళ్లు మీ చేత్తోనే పోయండి. కొత్త పందిరి ఎక్కడ వెయ్యాలో మాత్రం ఆమెనే అడగండి. పూలు వచ్చేదాకా ఫొటోకు మూర పూలు మీరే తెప్పించి ఆమె చేతికివ్వండి.

ఇక మీ ఆయన. తండ్రి పెట్టిన చెట్లు, తల్లి దుఃఖం, భార్య ఇబ్బంది, మూడూ ఆయనవే, పక్కకు తప్పుకుంటే కుదరదు. వాళ్ల అమ్మ పక్కన కూర్చుని ‘నాన్న చెట్లు ఉంటాయి, ఏది కదిలించినా నిన్ను అడిగే చేస్తాం’ అనే మాట ఆయన నోట రావాలి. మీరు వంద సార్లు చెప్పినా అది వేరు.

దొడ్డి విషయంలో నేను చెప్పేది, కాగితం మీద గీత గీసే ముందు ఒక వారం అత్తయ్య వెనకాలే తిరగండి. తెల్లారి ఏ చెట్టు కింద నిలబడతారు, బియ్యం ఎక్కడ చెరుగుతారు, సాయంత్రం ఏ గట్టు మీద కూర్చుంటారు, చూడండి. ప్లాన్‌లో ముందు ఆ చోట్లు గుర్తుపెట్టండి, మిగిలినదాంట్లో పిల్లలకు చోటు వెతకండి. 30 సెంట్లలో దొరక్కపోదు.

లాన్ మాట మరిచిపోండి. గడ్డికి ఎండ కావాలి, మామిడి నీడలో బతకదు, ఎండలో వేస్తే మన మే నెలకు నీళ్లు పోయలేక చస్తారు. టైల్స్ అంతకన్నా చేటు. పెద్ద చెట్టయినా పీల్చే వేళ్లు ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మలు పరుచుకున్నంత మేరా, ఇంకా అవతలికీ పాకుతాయి. మొదలు దాకా సిమెంటు వేస్తే చెట్టు మెల్లగా తల నుంచి ఎండుతుంది. అప్పుడు మామయ్య గారి చెట్టును చంపారన్న మాట జీవితాంతం మోయాలి. మామిడి కింద ఒక మూల ఇసుక పోయించండి, నాలుగేళ్ల వాడికి అది చాలు.

ఎండ రావాలంటే చెట్టే తీయక్కర్లేదు. కాయలు దిగాక, ఆషాఢంలో, తెలిసిన మనిషిని పిలిచి మామిడికి కింది కొమ్మలు తల ఎత్తు వరకు తీయించి, మధ్యలో ఒరుసుకునేవి పలచన చేయించండి. ఒక్కసారే ఎక్కువ కొట్టకూడదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన తీరం వెంట పోయినప్పటి గాలి చూశాం కదా, గుబురు పలచనైతే గాలి దాటిపోతుంది, కొమ్మ విరిగే భయం తగ్గుతుంది. ఏదైనా పెద్ద చెట్టు తీయక తప్పకపోతే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కొన్ని రకాలకు తప్ప అనుమతి కావాలి, ముందు తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి.

ఊయల మునగ కొమ్మకు కట్టొద్దు, చూడ్డానికి లావుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. కొబ్బరి కింద అసలే వద్దు. ఇనప పైపులతో స్టాండు చేయించండి. బావి ఉంటే ఇనప జాలీ వేయించండి.

ఒక్క చోట మాత్రం అత్తయ్యకు నచ్చజెప్పాల్సిందే. దొడ్డిలో పచ్చగన్నేరు ఉంటే, పూజకు పూలిచ్చేదైనా సరే, తీసేయాలి, దాని గింజలు విషం. అది ఆమెకు చెప్పి, ఆమె ఎదురుగానే తీయించండి.

పాపను రోజూ సాయంత్రం నాయనమ్మతో దొడ్డిలోకి పంపండి, ఏ చెట్టు తాత ఎప్పుడు పెట్టాడో అడిగి ఒక నోటు పుస్తకంలో రాయమనండి. ఆ పుస్తకం సగమైనా నిండాక మేస్త్రీని పిలవొచ్చు. అప్పటిదాకా రావొద్దని ఆయనకు ఫోన్ చేసి చెప్పేయండి.