ఆగుంబెకు జీన్సు వద్దన్నా
అన్నా, జూలైలో అనంతపురం నుంచి కర్ణాటకలోని ఆగుంబె అడవికి నాలుగు రోజులు పోతున్నామని, రెండు జీన్సు ప్యాంట్లు, కాటన్ చొక్కాలు సర్దుకుంటే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ జీన్సు తీసేయండి. మన దగ్గర ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఆగుంబెలో 7,000 దాటుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబర్ మధ్యే. ఇక్కడ దండెం మీద గంటలో ఆరే బట్ట అక్కడ రెండు రోజులైనా ఆరదు, గాలిలోనే అంత తేమ. తడిసిన జీన్సు బరువెక్కి తొడలు ఒరుసుకుంటాయి.

పల్చటి పాలిస్టర్ ట్రాక్ ప్యాంట్లు, వదులైన ఫుల్ చేతుల టీషర్టులు మూడు జతలు చాలు. పడుకోవడానికి ఇంకో జత ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టండి, పగలు ఎంత తడిసినా దాన్ని ముట్టుకోవద్దు. మొదటిసారి నేను ఇది చేయక రాత్రంతా వణికాను.

అసలు టెన్షన్ జలగలతోనే. మామూలు సాక్సు అల్లికలోంచి కూడా దూరతాయి. మోకాలి దాకా వచ్చే, దగ్గర నేత ఉన్న లీచ్ సాక్సు కొనండి. ప్యాంటు అంచులు అందులోకి దోపి, పైన తాడు బిగించండి. ఒకవేళ పట్టుకుంటే లాగొద్దు, గోరుతో మెల్లగా పక్కకు నెట్టితే వదిలేస్తుంది. గొడుగు బదులు పోంచో (తల మీదుగా తొడుక్కునే వదులైన వాన కోటు) తీసుకోండి, జారే దారిలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.