వికీ వ్యాసంలో మూలాల జాబితా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తెలుగు వికీపీడియాలో భీమునిపట్నం చరిత్ర రాస్తున్నాను. 1907లో అచ్చయిన ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీరును (జిల్లా వివరాల గ్రంథాన్ని) నాలుగు చోట్ల చూపిస్తే, కింద అదే పుస్తకం నాలుగుసార్లు వచ్చింది. మూలాన్ని చూపే రెఫ్ ట్యాగుకు పేరు పెట్టి, నాలుగింటినీ ఒకటిగా కలపబోతే ఒక పేరా మాయమైంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పేరా ఎక్కడికీ పోలేదు. 'మార్చు' నొక్కి చూడండి, ఎడిట్ పెట్టెలో భద్రంగా ఉంటుంది. మీరు మరిచింది ఒక్క ఏటవాలు గీత (/). మొదటిసారి ట్యాగు తెరిచి, పేరిచ్చి, పుస్తకం వివరాలు రాసి మూస్తాం. తర్వాతి చోట్ల పేరు మాత్రమే ఇచ్చి, చివరి కోణపు బ్రాకెట్టుకు ముందు ఆ గీత పెట్టాలి. పెట్టకపోతే ట్యాగు ఇంకా తెరిచే ఉందనుకుని, తర్వాత ఎక్కడ మూత కనబడితే అక్కడిదాకా ఉన్న వాక్యాలన్నిటినీ మింగేస్తుంది. ట్యాగు పేరు ఉత్త అంకెలు కాకూడదు. '1907' చెల్లదు, 'గెజిటీర్1907' చెల్లుతుంది.

అయితే మీ విషయంలో పేరు పెట్టి కలపడం ఒక్కటే సరిపోదు. 1861లో భీమిలి మునిసిపాలిటీ అయిందన్న వాక్యం ఒక పుటలో, డచ్చివారి సంగతి మరో పుటలో ఉంటే, కలపగానే పుట సంఖ్యలు పోతాయి. అంత పెద్ద గెజిటీరులో పుట చెప్పకపోతే సరిచూసేవారికి దారే ఉండదు. అందుకని ఎస్ఎఫ్ఎన్ (sfn) మూస వాడండి. మూస అంటే మనం వివరాలు నింపితే తానే రూపం ఇచ్చే అచ్చు. వాక్యం చివర ఇంటిపేరు, సంవత్సరం, పుట మాత్రం ఇవ్వండి. పూర్తి వివరాలు 'సైట్ బుక్' మూసలో, 'మూలాలు' విభాగంలో ఒక్కసారి రాస్తే చాలు. రెండు చోట్లా ఇంటిపేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇక్కడ తెలుగులో, అక్కడ ఇంగ్లీషులో రాశారా, నొక్కితే లింకు ఎక్కడికీ పోదు. చాలామంది తప్పేది ఇక్కడే.

ప్రశ్న: వార్త శీర్షికను సైటు నుంచి కాపీ చేసి పెడితే ఎర్ర అక్షరాల్లో లోపం చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: శీర్షిక చివర నిలువు గీత (|), దాని పక్కన సైటు పేరు ఉండి ఉంటాయి. మూసలో నిలువు గీత అంటే కొత్త పరామితి (వివరం నింపే గడి) మొదలైనట్టు. గీతతో సహా ఆ పేరు తీసేసి 'వెబ్‌సైట్' పరామితిలో వేయండి. ఆర్కైవ్ లింకు (ఆ పేజీకి దాచి ఉంచిన నకలు లింకు) ఇస్తే దాని తేదీ కూడా ఇవ్వాలి, లేకుంటే మళ్లీ ఎరుపే. అసలు లింకు ఇంకా పనిచేస్తుంటే 'యూఆర్ఎల్ స్టేటస్' దగ్గర 'లైవ్' అని ఇంగ్లీషులో రాయండి. అది రాయకపోతే అసలు లింకు చచ్చిపోయిందనుకుని మూస శీర్షికను ఆర్కైవుకే కలుపుతుంది.

ప్రశ్న: మూలాల జాబితా పేజీలో రెండు చోట్ల వస్తోంది.
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: మూలాలజాబితా మూస కింద ఎక్కడో ఇంకో రెఫ్ ఉంది, బహుశా 'బయటి లింకులు' విభాగంలో. ఆ విభాగాన్ని ఉన్నచోటే ఉంచి, రెఫ్‌ను మూస పైకి జరపండి. భద్రపరిచే ముందు మునుజూపు చూస్తే తెలిసిపోతుంది.