సదరం కాకుండా ముందు పెన్షన్‌కి పరిగెత్తకండి అక్కా

తొమ్మిదేళ్ల బాబుకి సెరిబ్రల్ పాల్సీ, గుంటూరులో ఉంటున్నాం, పెన్షన్‌కి ఎక్కడ మొదలెట్టాలి అని అడిగారు కదా. మొదట సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం, మిగతావన్నీ దాని వెనకే. మీ వార్డు సచివాలయంలోగానీ మీసేవలోగానీ స్లాట్ బుక్ చేయించుకోండి, ఆధార్‌లో బాబు పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో అంతకు ముందే చూసుకోండి.

సదరం పరీక్ష క్యాంపులో డాక్టర్ "చొక్కా గుండీ పెట్టుకుంటాడా" అని అడిగితే చాలామంది తల్లులు బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి మనసొప్పక "పెట్టుకుంటాడండీ" అనేస్తారు, మీరు మాత్రం మీ చెయ్యి సాయం లేకుండా వాడు ఏం చేయగలడో అంతే చెప్పండి, ఎందుకంటే ఆ శాతం మీదే అంతా ఆధారపడుతుంది. ఫిజియోథెరపీ కాగితాలు పాతవైనా పట్టుకెళ్లండి.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000. కానీ ఆదాయ పరిమితి ఉంది, మీ ఆయన జీతం సంగతి సచివాలయంలో ముందే అడగండి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి, అది దాటితే పెన్షన్‌కి ఇబ్బంది.

పెన్షన్ వచ్చినా రాకపోయినా నిరామయ బీమాకి (ఇలాంటి వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా) అప్లై చేయండి, ఏడాదికి లక్ష వరకు వైద్యం, థెరపీ ఖర్చులు కూడా కలుస్తాయి. పెన్షన్ డబ్బు థెరపీకి విడిగా ఉంచండి, ఇంటి ఖర్చుల్లో కలిస్తే మిగలదు. 18 నిండాక గార్డియన్‌షిప్ (చట్టప్రకారం సంరక్షకులుగా ఉండే హక్కు) కోసం కలెక్టర్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి, దానికింకా టైముంది, ఇప్పుడే టెన్షన్ వద్దు. స్లాట్ దొరక్కపోతే ఇక్కడే రాయండి.